తెరకి అటూ ఇటూ

పిల్లలాసుపత్రి మూడో అంతస్తులో ఫెలెటికి రెండు పనులుండేవి. ఒకటి, గాజుపెట్టెకి పక్కనున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టి, మనవరాలి అరికాలికి తన వేలు ఆనించి కూర్చోవడం. రెండోది, కొడుకు మాట కూతురికీ, కూతురి మాట కొడుక్కీ మోసుకెళ్ళడం. మొదటి పనిలో చెయ్యి తిమ్మిరెక్కేది. రెండో పనిలో అలాంటి ఇబ్బందేమీ లేదు. పైగా అందులో తనకి మంచి నేర్పుందనే ఆయన అనుకునేవాడు.

మనవరాలి పేరు ఓఫా. కాలం చేసిన నానమ్మ పేరే. పెట్టింది మేనత్త లోసలీన. పసిఫిక్ సముద్రపు దీవులైన తోంగా వాళ్ళ ఇళ్ళలో పిల్లలకి కన్నవాళ్ళ కన్నా మేనత్త పెద్ద. పేరు ఆవిడే పెడుతుంది. పెళ్ళిలో మేలైన చాప ఆవిడ కిందే పరుస్తారు. ఆవిడ కాదంటే ఆ ఇంట్లో ఇంక ఆ ఊసెత్తరు. ఫెలెటి కుటుంబం అక్కణ్ణించి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా ఈ సంగతిలో వెంట్రుకవాసి తేడా రాలేదు.

ఓఫా ఆరో నెల నిండకుండానే పుట్టింది. పుట్టిననాడు తూచితే ఓ మోస్తరు చేమదుంపంత తూగింది. ఇప్పుడు ఐదో వారం. నోట్లోంచి ఊపిరితిత్తుల దాకా సన్నటి గొట్టం, ఆ గొట్టానికో యంత్రం. యంత్రం ఊదితే రొమ్ము లేస్తుంది, ఆపితే పడుతుంది. గొట్టం తీసి చూద్దామని డాక్టర్లు రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ పూట తిరక్కుండానే పిల్ల ఒళ్ళు నీలం తిరిగింది. మళ్ళీ గొట్టం వేయక తప్పలేదు.

ఆ సోమవారం డాక్టర్ కెర్ తల్లిదండ్రులిద్దర్నీ కూర్చోబెట్టింది. స్కాట్లండ్ నుంచి వచ్చి ఈ వార్డులోనే తల నెరిసిన మనిషి ఆవిడ. మాట తిన్నగా ఉంటుంది. ఫెలెటి వెనక కుర్చీలో కూర్చున్నాడు.

"యంత్రం లేకపోతే పాప బతకదు," అంది డాక్టర్. "కానీ ఆ యంత్రమే పాప ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తోంది. రోజూ అంత బలంగా గాలి తోస్తుంటే లోపల వాపు వస్తుంది, వాచిన చోట మచ్చ కడుతుంది. మచ్చ కట్టినకొద్దీ యంత్రం ఇంకా గట్టిగా తొయ్యాలి. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నాం. ఇందులోంచి బయటపడటానికి ఒక మందుంది. స్టెరాయిడ్. చాలా కొద్ది మోతాదు, పది రోజులు, తగ్గించుకుంటూ పోతాం. వాపు తగ్గితే గొట్టం తీసెయ్యొచ్చు."

కొడుకు హెనెలె తలూపాడు. వాడు ఇళ్ళ సామాన్లు మోసే కంపెనీలో పనిచేస్తాడు. ఫ్రిజ్‌ని ఒక్కడే భుజాన వేసుకుని మేడ మెట్లెక్కే మనిషి, ఆ చిన్న గదిలో కుర్చీకి చాలక, ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన కోడలు అకనేసి కూడా తలూపింది.

"ఇందులో ప్రమాదం లేదని చెప్పను," అంది డాక్టర్. "పూర్వం ఈ మందు పిల్లలు పుట్టీ పుట్టగానే, ఎక్కువెక్కువ ఇచ్చేవాళ్ళు. ఆ పిల్లల్లో కొందరికి తరవాత కాళ్ళూ చేతులూ బిగుసుకున్నాయి, నడక సరిగ్గా రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ ఇవ్వం. ఊపిరితిత్తులు మొండికేసిన పిల్లలకే ఇస్తాం. వాళ్ళకి ఇవ్వకపోతేనే ఎక్కువ నష్టమని మా అనుభవం. అర్థమైందా?"

"అలాగే డాక్టర్," అన్నాడు హెనెలె.

"మొదలుపెడదామా?"

"అలాగే డాక్టర్."

ఆవిడ తృప్తిగా లేచి వెళ్ళింది. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు మాట్లాడుతుంటే అలాగే అలాగే అంటూ వినడం మర్యాద. శ్రద్ధగా విన్నామని దానికర్థం, అంతే. ఇన్నేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉన్న డాక్టరుకి ఆ మాత్రం తెలిసే ఉంటుందని ఫెలెటి అనుకున్నాడు.

మధ్యాహ్నం నర్సు నైరీ సంతకం కోసం వచ్చేసరికి హెనెలె నీళ్ళు నమిలాడు.

"అక్కనడగాలి."

"ఏ అక్క? బయట లిఫ్టు దగ్గర బుట్ట పెట్టుకుని కూర్చుంటుందే, ఆవిడా? నువ్వు లోపలికొస్తే ఆవిడ లేచిపోతుంది, ఆవిడొస్తే నువ్వు మాయం. మీకూ మీకూ మాటల్లేవేమో అనుకున్నాను!"

హెనెలె చెవులు ఎర్రబడ్డాయి. ఫెలెటే జవాబిచ్చాడు. "మాటల్లేక కాదమ్మా. గౌరవం. ఎదిగిన అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో చేరరు."

"అంత గౌరవం మా ఇంట్లో ఉండుంటే మా అన్నయ్యకీ నాకూ ఇంకో రెండేసి పళ్ళు మిగిలుండేవి," అంది నైరీ. "పోనీ ఫోన్లో మాట్లాడుకోవచ్చుగా?"

"చేమదుంపలు తెమ్మని మాట్లాడుకుంటారు. చర్చికి ఎన్నింటికి వస్తావని అడుగుతారు. కాన్పు, పాలు, ఒంటి సంగతులు మాత్రం అక్కాతమ్ముళ్ళ మధ్య ఫోన్లో కూడా నడవవు. అందుకే నేనున్నాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

హెనెలె తండ్రిని గోడ పక్కకి తీసుకెళ్ళాడు. "ఇద్దామనే ఉంది నాన్నా. అది అలా ఎగిరెగిరి పడుతుంటే చూడలేకపోతున్నా. కానీ అక్క వద్దంటే వద్దు. నేను మారు మాట్లాడను."

ఫెలెటి నడుముకి మర్యాద గుర్తుగా చుట్టుకున్న చాప సర్దుకుని లిఫ్టు వైపు నడిచాడు. నడుస్తూ ఆలోచించాడు. తమ్ముడు ఇద్దామంటున్నాడని ముందే చెప్పేస్తే అక్కకి కాదనే దారి ఉండదు. మేనత్తని అలా ఇరికించడం తప్పు కాదూ? ఆ మాట మెత్తగా చెప్పాలి.

లోసలీన నిటారుగా కూర్చుని ఉంది. పిల్లల బడిలో వంటశాల నడిపే మనిషి, చర్చిలో ఆడవాళ్ళ పాటల బృందానికి పెద్ద. కుర్చీలో ఎప్పుడూ వెనక్కి ఆనదు. డాక్టర్ చెప్పినదంతా విని దవడ బిగించింది.

"తమ్ముడేమంటాడు?"

"నువ్వెలా అంటే అలాగే అన్నాడమ్మా."

ఆవిడ చూపు లిఫ్టు మీదకి పోయింది. ఎవరో పసిపిల్లవాడి తండ్రి లిఫ్టులోంచి దిగి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని మొహంతో పక్కనించి వెళ్ళిపోయాడు.

"నాకూ భయంగానే ఉంది నాన్నా. మేనకోడలి కాళ్ళు చచ్చుబడేలా చేసిన అత్తని అనిపించుకోలేను. కానీ అది వాడి బిడ్డ. వాడు ఇద్దామంటే నేను అడ్డం రాను. ఈ మాట వాడికి చెప్పు."

ఫెలెటి వెనక్కి నడిచాడు. మేనత్తంతటి మనిషి "అడ్డం రాను" అని ఒక మెట్టు దిగిందని తమ్ముడితో ఎలా చెప్పడం? ఆవిణ్ణి చిన్నబుచ్చినట్టవుతుంది. గాజుపెట్టె దగ్గర కొడుకు ఆశగా లేచి నిలబడ్డాడు.

"అక్క భయపడుతోందిరా. ఆలోచిస్తోంది."

హెనెలె కూర్చుండిపోయాడు.

మంగళవారం డాక్టర్ కెర్ మొహం చిట్లించుకుని వచ్చింది. "నిన్న సరేనన్నారు కదా?"

"అలాగే డాక్టర్," అన్నాడు హెనెలె నేల చూస్తూ.

"అలాగే అంటే ఇవ్వమనా, వద్దనా?"

"అక్క ఇంకా..."

ఆవిడ కుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చుంది. కోపం లేదు కానీ తొందర ఉంది. "చూడు హెనెలె. నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువ ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. మచ్చలు ముదిరిపోయాక ఈ మందు కూడా ఏమీ చెయ్యలేదు. నిన్ను బలవంతపెట్టను. కానీ నువ్వు ఏదో ఒకటి చెప్పాలి."

ఆవిడ వెళ్ళాక అకనేసి మావగారి దగ్గరికొచ్చింది. పాలు పిండిన సీసా ఇంకా చేతిలోనే ఉంది. సీసా అడుగున గుక్కెడు పాలు. ఐదు వారాలుగా ఆ పిల్ల రోజుకెన్నోసార్లు అలా పిండి ఇస్తోంది, ఎన్నడూ విసుక్కోలేదు. ఇంటి కోడలు కనుక ఈ విషయంలో తన మాట ఎవరూ అడగరని తెలుసు, అడగనూ లేదు.

"మామయ్యా, వదినగారి కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. పట్టుకోనా?"

"అంత మాటెందుకమ్మా. నేను మాట్లాడుతున్నానుగా."

ఆయన మళ్ళీ లిఫ్టు దాకా వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఆ కొసన ఒక మాటకి తేనె పూశాడు, ఈ కొసన ఇంకో మాట మింగేశాడు. లోసలీన బుట్టలోంచి చేమాకుల పొట్లం తీసి తండ్రికి పెట్టింది. కొబ్బరిపాలలో ఉడికిన మాంసం చల్లారిపోయినా కమ్మగానే ఉంది. తింటున్నంతసేపూ ఆవిడ ఆయన మొహమే చూస్తోంది. "వాడు ఇంకేమీ అనలేదా?" అని అడిగింది. "నీ మాట కోసమే చూస్తున్నాడమ్మా," అన్నాడు ఫెలెటి. ఇందులో అబద్ధమెక్కడుంది?

ఆ మధ్యాహ్నమే పిల్ల తెలివి తప్పింది. ముందు మానిటర్ గంట కొట్టింది. అది రోజూ కొట్టేదే. ఈసారి ఆగలేదు. నైరీ వచ్చింది, వెనక ఇంకో నర్సు, ఇంకో డాక్టర్. గొట్టం నుంచి యంత్రం ఊడదీసి చేతి తిత్తితో ఊదడం మొదలుపెట్టారు. పిడికెడు ఒళ్ళు, అందులో చిటికెడు రొమ్ము. ఒళ్ళంతా బూడిద రంగు. హెనెలె గోడకి అతుక్కుపోయాడు. ఇల్లిల్లూ మోసిన చేతులు రెండూ ఏం చెయ్యాలో తెలియక గాలిలో ఉన్నాయి.

కాసేపటికి పాదాల్లో రంగు వచ్చింది, తరవాత పెదాల్లో. నైరీ తిత్తి పక్కన పెట్టి యంత్రం తగిలించింది. అలసిన చేతిని విదిలించుకుంటూనే, ఇంకో చేత్తో పిల్ల తలమీది ఊలు టోపీ సర్దింది. ఫెలెటి ఆ చెయ్యి చూశాడు. లోకంలో ఇలాంటి చేతులున్నాయి కదా అనుకున్నాడు.

"అక్క ఎందుకు వద్దంటోంది నాన్నా?"

ఫెలెటి తిరిగి చూశాడు. కొడుకు కళ్ళ నిండా నీళ్ళు.

"వద్దనలేదురా."

"మరేమంది?"

  ఫెలెటి వాడి భుజం తట్టి తలుపు వైపు నడిచాడు.

నర్సులు పరిగెత్తడం చూసి లోసలీన నడవాలో నిలబడి ఉంది. ఆవిడ గోడ పట్టుకుని నిలబడటం ఫెలెటి ఎప్పుడూ చూడలేదు.

"పోయిందా?"

"లేదమ్మా. తిరిగొచ్చింది."

ఆవిడ కుర్చీలో కూలబడింది. వీపు వెనక్కి ఆనింది. కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాన్నా, వాడెందుకు వద్దంటున్నాడు?"

 అదే ప్రశ్న. ఆ కొసన అది, ఈ కొసన ఇది. మధ్యలో ఉన్నది తనొక్కడే.

భార్య బతికున్నప్పుడు అంటూ ఉండేది: నీ నోట్లో పడితే మిరపకాయ కూడా అరటిపండైపోతుంది, అని. అప్పుడు మురిసిపోయేవాడు. ఇప్పుడు ఒక్కొక్క మాటే వెనక్కి తీసి చూసుకుంటే, రెండు వైపుల నుంచీ తను మింగేసిన మాట ఒకటే. ఇద్దాం. కొడుకు అన్నది మింగాడు, కూతురు అన్నదీ మింగాడు. మర్యాద కోసమేనా? భార్య ఓఫా ఆఖరి రోజుల్లో ఆసుపత్రి వాళ్ళు ఏది అడిగినా ఆయన సరేనన్నాడు. ఒక్కదానికీ ఆవిడ దక్కలేదు. అప్పటి నుంచి సరే అనే మాటంటేనే భయం. ఈ విషయంలో ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు. అయినా రెండు రోజులుగా ఆయన మాటే నెగ్గుతోంది.

"వాడు వద్దనలేదమ్మా," అన్నాడు. "ఇద్దామన్నాడు. మొదటిరోజే అన్నాడు. నేను నీకు చెప్పలేదు."

లోసలీన తెల్లబోయి చూసింది.

"నువ్వు అడ్డం రానన్నావు. అదీ వాడికి చెప్పలేదు."

"నాన్నా!"

అది పాటల బృందంలో శ్రుతి తప్పినవాళ్ళ మీద వేసే కేక. నడవా చివర నేల తుడుస్తున్నతను కూడా తుడవడం ఆపేశాడు.

"ఎందుకలా చేశావు?"

"భయమేసింది."

ఆవిడ ఇంకేదో అనబోయి, తండ్రి మొహం చూసి ఆగింది. ఆయన చెయ్యి వదలకుండానే లేచింది. "ఇంక నీ చేత ఒక్క మాట కూడా పంపను. నేనే అడుగుతాను వాణ్ణి."

"ఎలా అడుగుతావమ్మా? అలాంటి సంగతి..."

"ఎలాగో నువ్వే చూడు. చెడగొట్టింది నువ్వేగా."

సాయంత్రానికి పిల్ల కుదుటపడింది. కన్నవాళ్ళ ఒంటి వెచ్చదనం తగిలితే ఇంకా కుదురుకుంటుందని నైరీ పిల్లని గొట్టాలతో సహా తీసి హెనెలె రొమ్ము మీద పడుకోబెట్టింది. చొక్కా లేకుండా, కదలకుండా, గట్టిగా ఊపిరి కూడా పీల్చకుండా కూర్చున్నాడు వాడు. పిల్ల వాడి అరచేతికి సరిపోయింది. ఆ స్థితిలో లేచి చొక్కా వేసుకోలేడు. చొక్కా లేని తమ్ముడి ఎదుటికి అక్క రాలేదు. డాక్టర్ కెర్ ఇంకాసేపట్లో వార్డు చుట్టి వెళ్ళిపోతుంది.

ఫెలెటి పైకి చూశాడు. తల్లులు పాలు పిండుకునేటప్పుడు లాగే ఆకుపచ్చ తెర, పైన కమ్మీకి ముడుచుకుని వేలాడుతోంది.

"అమ్మా నైరీ, ఆ తెర లాగుతావా? తెర ఉంటే రెండు గదుల కిందే లెక్క."

"ఎవరి లెక్క?"

"మా లెక్క."

నైరీ ఆయన్ని ఎగాదిగా చూసి తెర లాగింది. ఫెలెటి ఇవతల ఒక కుర్చీ వేశాడు. లోసలీన చేతులు కడుక్కుని, ప్లాస్టిక్ గౌను తొడుక్కుని, తెర వైపు వీపు పెట్టి లోపలికొచ్చి కూర్చుంది. అవతల హెనెలె భుజం తెరని పొడుచుకు వచ్చింది. ఆవిడ కుర్చీ ఒక జానెడు ముందుకి జరుపుకుంది.

డాక్టర్ కెర్ వచ్చి అటూ ఇటూ చూసింది. "నేనెవరితో మాట్లాడాలి?"

"తెర చివర నిలబడండి డాక్టర్," అంది నైరీ. "కూడలిలో పోలీసు నిలబడ్డట్టు."

"డాక్టరమ్మా," అంది లోసలీన, ఎదురుగోడనే చూస్తూ. "నేను పిల్లకి మేనత్తని. మా తమ్ముడు మీరేమన్నా అలాగే అంటాడు. వాణ్ణి నమ్మకండి. నన్నడగండి, కాదనడం నాకు బాగా వచ్చు."

డాక్టర్ మొహంలో రెండు రోజుల చిక్కుముడి విడిపోవడం ఫెలెటికి కనిపించింది. ఆవిడ కుర్చీ తెచ్చుకుని లోసలీన ఎదురుగా, తెర అంచు తగిలేలా కూర్చుంది.

"అడగండి."

"మందు ఇస్తే కాళ్ళు పోతాయా?"

"ఎక్కువమందికి పోవు. కొందరికి నడక కష్టం కావచ్చు. వీళ్ళలో ఎవరికని ముందే చెప్పలేను."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోయినా ఆ ప్రమాదం ఉంది. ఇన్నాళ్ళు యంత్రం మీదున్న పిల్లలకి అది ఎటూ ఉంటుంది. దానికి తోడు ఊపిరితిత్తులు. ఇలాగే సాగితే పాప ఇంటికి రాకపోవచ్చు."

అవతల అకనేసి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"మీరు ఇలా ఎంతోమందికి ఇచ్చి ఉంటారు," అంది లోసలీన. "ఎందుకిచ్చానా అని ఎప్పుడైనా ఏడ్చారా?"

డాక్టర్ మెడలోని స్టెతస్కోపు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏడ్చాను. ఎందుకివ్వలేదా అని కూడా ఏడ్చాను. అవే ఎక్కువ."

లోసలీన తలూపింది. తరవాత గొంతు సవరించుకుని, తల తిప్పకుండానే పిలిచింది.

"హెనెలే."

"అక్కా."

"నీకేం కావాలో నీ నోటితో చెప్పు. నాన్న నోటితో వద్దు."

యంత్రం ఊదుతోంది, ఆగుతోంది, ఊదుతోంది. ఫెలెటి తెర అంచున నిలబడ్డాడు. ఇటు చూస్తే కూతురి మొహం, అటు చూస్తే కొడుకు మొహం. ఇద్దరూ చిన్నప్పుడు జ్వరం వస్తే పెట్టే మొహమే పెట్టారు.

"ఇద్దామక్కా," అన్నాడు హెనెలె. "నడక రాకపోతే నేను మోస్తాను. పొద్దుట్నించీ సాయంత్రం దాకా మోసేవాణ్ణేగా. పియానోలు మోశాను, దీన్ని మొయ్యలేనా? కానీ ఊపిరి నేను మొయ్యలేను. అది దానికే రావాలి."

తెర కొంచెం కదిలింది. ఎవరి భుజం తగిలిందో ఫెలెటికి తెలియలేదు.

"అకనేసీ," అంది లోసలీన. "నువ్వేమంటావు?"

 ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆ పిల్లనడగడం అదే మొదలు.

"ఇద్దాం వదినా."

"అయితే ఇవ్వండి డాక్టరమ్మా. సంతకం వాడు పెడతాడు, మాట నాది. రేపు పిల్లకి ఏదైనా తేడా వస్తే చర్చిలో నలుగురూ నన్నే అనాలి. మేనత్త చెప్పింది కనుక ఇచ్చారని అనాలి. వీళ్ళిద్దర్నీ ఎవరైనా ఒక్క మాటంటే నా దగ్గరికి పంపండి."

ఆ మాటతో హెనెలె వీపు మీంచి బరువైనదేదో దించినట్టు భుజాలు కిందికి జారాయి. మేనత్త పెత్తనం దేనికి పనికొస్తుందో ఇన్నేళ్ళ వయసులో ఫెలెటికి అప్పుడు పూర్తిగా తెలిసింది.

మందు ఆ సాయంత్రమే మొదలైంది. మర్నాడు ఏమీ మారలేదు. మారలేదని ఎవరూ పైకి అనలేదు. అకనేసి మాత్రం అరగంటకోసారి మానిటర్ చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. ఆ మర్నాడు పొద్దున నైరీ ఆక్సిజన్ మర ఒక పిసరు వెనక్కి తిప్పింది. ఎవరికీ చెప్పలేదు. కానీ తిప్పి వెళుతూ సన్నగా కూనిరాగం తీసింది. ఫెలెటి ఆ కూనిరాగం పట్టుకున్నాడు. మధ్యాహ్నం ఇంకొంచెం తిప్పింది. సాయంత్రానికి యంత్రం ఒత్తిడి కూడా తగ్గించారు. రెండు రోజులకి ఆక్సిజన్ సగానికి సగం దిగిపోయింది. పిల్ల రొమ్ము ఎగిరెగిరి పడటం మానేసి, మామూలుగా లేచి పడటం నేర్చుకుంటోంది.

"నీ కూతురికి పొగరెక్కింది," అంది నైరీ హెనెలెతో. "ఒళ్ళు తుడుద్దామని ముట్టుకుంటే నా వేలు పట్టుకుని తోసేసింది."

"మేనత్త పోలిక," అన్నాడు హెనెలె గొంతు తగ్గించి.

"వినిపించింది," అంది తెర ఇవతల నుంచి లోసలీన.

ఇప్పుడు ఆ తెర రోజూ ఉండేది. వార్డు వాళ్ళకి అలవాటైపోయింది. లోసలీన వచ్చే వేళకి ఎవరో ఒకరు వచ్చి లాగేవాళ్ళు. ఊపిరి తీయడం మర్చిపోకుండా పిల్లకి కెఫీన్ కూడా ఇస్తున్నారని విని ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "పెద్దవాళ్ళకే పొద్దున ఒక్కటి చాలంటాను. ఇది పుట్టీ పుట్టకుండానే కాఫీ మరిగిందా!"

పై వారం శనివారం పొద్దున గొట్టం తీశారు.

హెనెలె, అకనేసి ఒకవైపు, లోసలీన ఒకవైపు. ఫెలెటి అంచున. డాక్టర్ కెర్ పిల్ల బుగ్గల మీద అంటించిన పట్టీ తడిపి, ఊడదీసి, గొట్టం ఒక్కసారి మెల్లగా లాగేసింది. నైరీ వెంటనే ముక్కుకి చిన్న గొట్టాలు తొడిగింది. గాలి ఆ ముక్కులోకి పోతుంటే పక్కన సీసాలో నీళ్ళు బుడగలు వేశాయి. పిల్ల కదల్లేదు. ఎవరూ కదల్లేదు.

తరవాత ఒక చప్పుడు వచ్చింది. తడి చెక్క మీద గోరుతో గీసినట్టు, సన్నగా, బొంగురుగా.

"ఏమిటది?" అంది లోసలీన. "ఏమిటా చప్పుడు? నాన్నా?"

ఫెలెటికి కూడా మొదట అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ గొట్టం గొంతులో అడ్డంగా ఉండి పిల్ల ఏడ్చినా మూతి వంకర పోయేదే తప్ప చప్పుడు వచ్చేది కాదు.

"ఏడుస్తోందమ్మా," అన్నాడు. "ఓఫా ఏడుస్తోంది."

అకనేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరు వారాల తల్లి బిడ్డ గొంతు వినడం అదే మొదటిసారి. హెనెలె గట్టిగా దగ్గాడు, మళ్ళీ దగ్గాడు. అది దగ్గు కాదని తెర ఇవతల అక్కకి తెలియకూడదు కదా. లోసలీన కళ్ళొత్తుకుంటూ, "వాడికి దగ్గు మందేదైనా ఇవ్వండి డాక్టరమ్మా," అంది.

అయితే ఏడవడం వేరు, నిలబెట్టుకోవడం వేరు. పోయిన రెండుసార్లు కూడా మొదటి గంట బాగానే గడిచింది. అందుకని ఎవరూ సంతోషాన్ని పైకి రానివ్వలేదు. మధ్యాహ్నం అయింది. బుడగలు వేస్తూనే ఉన్నాయి. మానిటర్ ఒకసారి గంట కొట్టింది. నైరీ వెళ్ళి అరికాలు గిల్లితే, పిల్ల కాలు లాక్కుని ఇంకో ఊపిరి తీసుకుంది. పొద్దు వాలింది. నీలం తిరగలేదు. ఆదివారం తెల్లవారింది. ఒంటి రంగు ఉతికిన గులాబీ గుడ్డలా ఉంది.

డాక్టర్ కెర్ ఆదివారం సెలవైనా వచ్చింది. పిల్ల రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, లేచింది. "ఇంకా చాలా దారి ఉంది. ఇంటికెళ్ళాక కూడా కొన్నాళ్ళు ఆక్సిజన్ కావాల్సి రావచ్చు. నడక సంగతి నడిచే వయసొస్తే గానీ తెలియదు." ఆగి, తెర అటూ ఇటూ చూసి చెప్పింది. "కానీ ఆ గొట్టం ఇంక వెయ్యం. ఊపిరి తనే తీసుకుంటోంది."

"అలాగే డాక్టర్," అన్నాడు హెనెలె. ఈసారి అది నిజంగా అలాగే.

లోసలీన లేచి నడవాలోకి వచ్చింది. ఫెలెటి వెనకాలే వచ్చాడు. ఆవిడ చేతిసంచి ఆయన చేతిలో పెట్టింది. ఆవిడ మెడ మీద ఎరుపు పాకుతోంది. ఫెలెటికి ఆ ఎరుపు తెలుసు. లోపల వేడి పుడితే తోంగా మనిషి కూర్చోలేడు. పెళ్ళిలో గానీ పాటలో గానీ గుండె పొంగిందంటే ఎంతటి పెద్దావిడైనా లేచి ఆడాల్సిందే.

కానీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, పసిపిల్లలు నిద్రపోతున్నారు, నిశ్శబ్దం అని.

లోసలీన నిశ్శబ్దంగా ఆడింది. ముందు చేతులు లేచాయి, మణికట్లు తిరిగాయి. తల ఒక పక్కకి చటుక్కున విసిరింది, చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పినట్టు. ప్లాస్టిక్ గౌను గరగరలాడింది. తరవాత పెద్దరికం పక్కన పెట్టి మోకాళ్ళు వెడల్పు చేసి, కళ్ళు తిప్పి, బుగ్గలు పూరించి, కోతిలా ఒక్క గెంతు గెంతింది. పాలసీసాలు మోసుకొస్తున్న ఒక చైనా తండ్రి గోడకి నక్కి నోరు తెరిచాడు. నేల తుడిచే అతను కర్ర పట్టుకుని నవ్వాపుకోలేక వంగిపోయాడు. తలుపు తీసుకుని వచ్చిన నైరీ, "అయ్యో, నన్ను పిలవరే!" అని గుసగుసగా తిట్టి, తనూ చేతులు లేపింది. ఫెలెటి తాళం వేశాడు. అరచేతులు రెండూ తగలకుండా, మధ్య ఒక వేలెడు గాలి ఉంచి, ఎంత గట్టిగా కొట్టగలిగితే అంత గట్టిగా కొట్టాడు.

తలుపు అద్దంలోంచి హెనెలె వీపు కనిపిస్తోంది. అక్క ఆడుతుంటే తమ్ముడు చూడకూడదు. అందుకని వాడు అటు తిరిగి, గాజుపెట్టె వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. తలుపంత వెడల్పు వీపు, తాళం తప్పకుండా ఊగుతోంది.